శరణార్థి శిబిరంలో సాయం: మూటలు విప్పడం నుంచి తాళంచెవులు అప్పగించడం దాకా

మొదటిసారి శరణార్థి శిబిరానికి వెళ్లినప్పుడు నాకు అప్పగించిన పని గోదాములో మూటలు విప్పడం. మూడో మూటలో ఎత్తు మడమల చెప్పు ఒకటి దొరికింది. దాని జత కోసం పక్క మూటలన్నీ గాలించాం, దొరకలేదు. అదే మూటలో ఈత దుస్తులు, ఒక పెళ్లి గౌను, సగం వాడేసిన సెంటు సీసా ఉన్నాయి. బయట వాన. శిబిరంలో అందరూ అడుగుతున్నది మగవాళ్ల బూట్లు. అవి ఆ రోజు మా దగ్గర ఆరు జతలే ఉన్నాయి. మూటలు పంపినవాళ్లది మంచి మనసే. ఏం కావాలో అడగలేదు, అంతే.

ఐదుగురు, పదిమంది, మహా అయితే ఇరవైమంది కలిసి సొంతంగా సాయం చేయాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పెద్ద సంస్థల పద్ధతులు వేరు.

1. ముందు అక్కడ ఎవరున్నారో కనుక్కోండి

శిబిరాలన్నీ ఒకేలా ఉండవు. కెన్యాలోని దదాబ్ 1991 నుంచి ఉంది. జోర్డాన్‌లోని జాతరి 2012 జులైలో గుడారాలతో మొదలై, పోను పోను దుకాణాల వీధులున్న ఊరిలా తయారైంది. ఇలాంటి చోట్ల ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ, పెద్ద స్వచ్ఛంద సంస్థలు పనులు పంచుకుంటాయి. నీళ్లు ఒకరు, తిండి ఒకరు, వైద్యం ఇంకొకరు చూస్తారు. ఫ్రాన్స్‌లో కాలే అనే ఊరి దగ్గర 2015-16లో వెలిసినది, గ్రీస్ ఉత్తర సరిహద్దులో ఇడొమెని దగ్గర 2016లో వెలిసినది ఇంకోరకం. అవి ఎవరూ ప్లాన్ వేసి కట్టినవి కావు. దారి మూసుకుపోయి జనం ఆగిపోయిన చోట్లు. అక్కడ వంట, బట్టల పంపిణీ, చెత్త ఎత్తడం లాంటి పనులు చాలావరకు వాలంటీర్లే నెత్తినేసుకున్నారు.

మీరు వెళ్లేది ఏ రకమో ముందు తేల్చుకోండి. మొదటి రకమైతే, ఎవరూ చూడని చిన్న ఖాళీని వెతికి పట్టుకోవడమే మీ పని. అక్కడ వారానికోసారి సమన్వయ సమావేశం జరుగుతుంటుంది. వెళ్లి వెనక కూర్చుని వినండి. రెండు సమావేశాలు వింటే ఏ పనికి ఇద్దరు పోటీ పడుతున్నారో, దేన్ని అందరూ వదిలేశారో తెలిసిపోతుంది. రెండో రకమైతే మీలాంటి గుంపులు ఇంకో పది ఉంటాయి. వాళ్లతో మాట్లాడకుండా పని మొదలుపెడితే ఒకే మధ్యాహ్నం మూడు చోట్ల దుప్పట్లు పంచుతారు, సబ్బు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

అనుమతుల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పర్యాటక వీసా మీద వెళ్లి స్వచ్ఛందంగా పనిచేయడం చాలా దేశాల్లో కుదరదు. గ్రీస్‌లో సముద్రంలో మునిగిపోతున్నవాళ్లకు సాయపడిన వాలంటీర్ల మీద 2018లో కేసులు పెట్టారు. వాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. మనుషుల్ని బండిలో ఎక్కించుకుని పక్క ఊరికి దింపడం మీకు మామూలు సాయంలా కనిపించవచ్చు. సరిహద్దు దగ్గర దాన్ని అక్రమ రవాణా కింద లెక్కగట్టే ప్రమాదం ఉంది. బయల్దేరే ముందే అక్కడి లాయరుతో ఒక గంట మాట్లాడండి.

2. అడగండి, కానీ ఎలా అడగాలో తెలుసుకుని

అడగందే అమ్మయినా పెట్టదంటారు. శిబిరంలో మాత్రం అడగాల్సింది పెట్టేవాళ్లే.

‘మీకేం కావాలి?’ అని అడిగితే జనం మీరు ఇవ్వగలరనుకున్నదే చెబుతారు. మీ బండి మీద దుప్పట్లు కనిపిస్తే దుప్పట్లే అడుగుతారు. అందుకని నిన్నటి రోజు గురించి అడగండి. నిన్న నీళ్లకు ఎన్నిసార్లు వెళ్లారు? ఎవరు వెళ్లారు? ఎంతసేపు నిలబడ్డారు? రాత్రి మరుగుదొడ్డికి వెళ్లాల్సివస్తే ఏం చేస్తారు?

ఒక ఉదాహరణ చెబుతాను. సహాయ రంగంలో అందరూ కొలబద్దగా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు అందాలి. ఐదుగురున్న కుటుంబానికి 75 లీటర్లు. 20 లీటర్ల క్యాన్ నిండితే 20 కిలోలు. అంటే రోజుకు నాలుగుసార్లు 20 కిలోల బరువు మోయాలి. అదే ప్రమాణాల్లో కుళాయి 500 మీటర్ల లోపు ఉండాలని, వరుసలో 30 నిమిషాల కంటే ఎక్కువ నిలబడాల్సి రాకూడదని, ఒక కుళాయికి 250 మందికి మించకూడదని కూడా ఉంది. సంస్థ లెక్కల్లో ఇవన్నీ సరిపోయినట్టే కనబడొచ్చు. కానీ గుడారంలోకి తొంగి చూస్తే ఒకే క్యాన్ ఉంటుంది. అందులో నీళ్లు నిండి ఉంటే మళ్లీ తేవడానికి ఖాళీది లేదు. మోయడానికి ఒకటి, నిల్వకు ఒకటి కావాలి. ఆ శిబిరానికి మీరు నీళ్ల ట్యాంకరు తీసుకెళ్లనక్కర్లేదు, మూతలున్న క్యాన్లు తీసుకెళ్తే చాలు. ఈ సంగతి నిన్నటి రోజు గురించి అడిగితేనే బయటపడుతుంది.

ఆడవాళ్లతో విడిగా, ఆడ వాలంటీర్లు, ఆడ దుబాసీల చేతే మాట్లాడించండి. భర్త, మామ, గుంపు పెద్ద పక్కన ఉంటే ప్యాడ్ల గురించి, స్నానాల గదికి గడియ లేదన్న సంగతి గురించి ఎవరూ నోరు విప్పరు. వృద్ధుల్ని, నడవలేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి. వాళ్లు మీ దగ్గరికి రాలేరు.

మాట్లాడేటప్పుడు ‘చూస్తాం’ అనే మాట కూడా జాగ్రత్త. మీకది మర్యాద మాట. వినేవాళ్లకది వాగ్దానం.

భాష వచ్చిన కుర్రాడు ఒకడు మొదటిరోజే పరిచయమవుతాడు. చలాకీగా ఉంటాడు, అన్నీ తనే చేసిపెడతాడు. వారం తిరిగేసరికి మీకు శిబిరం మొత్తం అతని కళ్లతోనే కనిపిస్తుంటుంది, అతనికి గిట్టని వీధి మీ జాబితాలో ఉండదు. అతని తప్పేం లేదు. వేర్వేరు జాతుల నుంచి, భాషల నుంచి, ఆడా మగా కలిపి కనీసం నలుగురైదుగురు దుబాసీలను పెట్టుకోండి. వాళ్ల సమయానికి డబ్బివ్వడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటే ఇవ్వండి. ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాళ్ల చేత ఉచితంగా చేయించుకోవడం నాకెందుకో మింగుడుపడదు.

3. ఒక్క పని ఎంచుకోండి

ఒకటే. ప్రతి మంగళవారం బట్టలుతికే సబ్బు, లేదా వారానికి రెండుసార్లు వేడి భోజనం, లేదా ఫోన్లు ఛార్జ్ చేసుకునే చోటు. ఫోన్ ఛార్జింగ్ పాయింట్‌ను తక్కువ అంచనా వేయొద్దు. విడిపోయిన కుటుంబానికి ఆ ఫోనే దారి.

మూడు నెలలు ఆగకుండా చేయగలరా అనేదే నా కొలత. ఒక వారం అట్టహాసంగా చేసి మాయమైపోతే, మీ మీద ఆధారపడి వేరే ఏర్పాటు మానుకున్నవాళ్లు నష్టపోతారు.

కొన్ని పనుల జోలికి వెళ్లనే వద్దు. మందులు పోగుచేసి తీసుకెళ్లొద్దు. గడువు దాటినవి, ఎవరికీ చదవరాని భాషలో పేర్లున్నవి వచ్చి పడతాయి, పారేయడానికే మళ్లీ ఖర్చవుతుంది. పసిపిల్లల పాలడబ్బాలు కూడా విరాళంగా తీసుకోవద్దు. ఇది వింటే చాలామంది కోపం తెచ్చుకుంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కూడా ఇదే చెబుతున్నాయి. సీసా మరిగించే వీలు, శుభ్రమైన నీళ్లు లేనిచోట డబ్బాపాలు విరేచనాలు తెచ్చిపెడతాయి. ఉచితంగా పంచితే చనుపాలు ఇవ్వగలిగే తల్లులు కూడా మానేస్తారు, వాళ్ల పాలు తగ్గిపోతాయి, ఆ తర్వాత డబ్బాలు ఆగిపోతాయి. తల్లిపాలు దొరకని బిడ్డ కనిపిస్తే ఆ పని చూసే వైద్య బృందం దగ్గరికి తీసుకెళ్లండి. మీరు చేయాలనుకుంటే తల్లులు ప్రశాంతంగా కూర్చుని పాలివ్వడానికి తెరలు కట్టిన చోటు ఒకటి ఏర్పాటు చేయండి.

మూసిన గుడారంలోకి బొగ్గుల కుంపట్లు, గ్యాస్ స్టవ్‌లు పంచడమూ అంతే. పొగలో కనిపించని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నిప్పంటుకుంటే వీధి మొత్తం పోతుంది. గ్రీస్‌లోని లెస్బోస్ ద్వీపంలో మోరియా శిబిరం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. బంగ్లాదేశ్‌లో రోహింగ్యాలుండే కుతుపలాంగ్-బలూఖాలీలో 2021 మార్చిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. చలికి మందం దుప్పట్లు, కింద పరిచే చాపలు ఇవ్వండి. చలి ఎక్కువగా లాగేది నేల నుంచే.

4. డబ్బు, లెక్కలు

సామాను పోగుచేయడం కంటే డబ్బు పోగుచేసి శిబిరానికి దగ్గర్లోనే కొనడం మంచిది. రవాణా ఖర్చు తప్పుతుంది, అక్కడి దుకాణదారులకు బేరం దొరుకుతుంది, వచ్చినవాళ్ల వల్ల తమకూ మేలే జరిగిందని చుట్టుపక్కల జనం అనుకుంటారు. ఈ మూడోది చిన్న విషయమేం కాదు.

వీలైతే కుటుంబాలకే డబ్బో, దుకాణం కూపనో ఇవ్వండి. అందుకు ముందు దుకాణాల్లో సరుకుందా, ధరలు పెరిగిపోతాయా, డబ్బు చేతికొస్తే ఎవరైనా లాక్కుంటారా అని చూసుకోవాలి.

ఖాతాలో ఇద్దరి సంతకాలు ఉండాలి. ప్రతి రసీదుకూ ఆ రోజే ఫోటో తీసి అందరూ చూడగలిగే చోట పెట్టండి. విరాళం అడిగేటప్పుడే ‘దుప్పట్లకు సరిపోగా మిగిలితే సబ్బులకు వాడతాం’ అని రాసేయండి. లేకపోతే మిగిలిన డబ్బు దగ్గరే స్నేహాలు చెడతాయి. నేను చూసిన రెండు గుంపులు విడిపోయింది అక్కడే.

5. గోదాము

బట్టలు తీసుకోక తప్పకపోతే, ఏం కావాలో సైజులతో సహా రాసి పంపండి, ఏం వద్దో కూడా రాయండి. వచ్చిన మూటల్ని వచ్చిన రోజే విప్పండి. చేతులకు గ్లవ్స్ వేసుకోండి. జేబులన్నీ చూడండి.

ఒక అట్టపెట్టెలో ఒకే రకం సామాను, ఒకే సైజు పెట్టండి. పెట్టె మీద పైన కాకుండా రెండు పక్కలా పెద్ద అక్షరాలతో రాయండి. పెట్టెలు ఒకదానిమీద ఒకటి పేర్చాక పైన రాసింది కనిపించదు. బూట్లు జతగా తాడుతో కట్టండి. ఆ ఒంటి చెప్పు నాకు నేర్పిన పాఠం ఇది.

సబ్బు లెక్క కావాలంటే స్ఫియర్ ప్రకారం మనిషికి నెలకు ఒంటి సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు. వంద కుటుంబాలకు, కుటుంబానికి ఐదుగురు చొప్పున, నెలకు 225 కిలోలు. ముందు ఈ లెక్క వేసుకుంటే ఎన్ని కుటుంబాల బాధ్యత మోయగలరో తేలిపోతుంది.

ప్యాడ్ల విషయంలో వాడి పారేసేవా, ఉతుక్కునేవా అన్నది మీ అభిరుచిని బట్టి తేల్చకండి. ఉతుక్కోవడానికి నీళ్లు, ఎవరికంటా పడకుండా ఆరేసుకునే చోటు ఉన్నాయా? పారేస్తే తీసుకెళ్లే చెత్తబండి ఉందా? ఆడవాళ్లనే అడగండి. ఇచ్చేటప్పుడు లోపలిది బయటికి కనిపించని సంచిలో పెట్టివ్వండి.

6. పంపిణీ రోజు

అసలు పరీక్ష ఇక్కడే. సామాను బాగుండి, మనసు బాగుండి, వరుస నడపడం రాకపోతే అరగంటలో తొక్కిసలాట అవుతుంది.

ముందురోజు సాయంత్రం గుడారం గుడారానికి వెళ్లి టోకెన్లు ఇవ్వండి. టోకెన్ మీద సంఖ్య, రంగు, రావలసిన సమయం ఉండాలి. అక్షరాలు రానివాళ్లకు రంగు పనికొస్తుంది. ఫోటోకాపీ తీస్తే దొరికిపోయేలా ఏదో ఒక గుర్తు వేయండి. ఏమిస్తున్నారో, కుటుంబానికి ఎన్నో టోకెన్ ఇచ్చేటప్పుడే చెప్పేయండి. వింత ఊహలు పుట్టేది తెలియనప్పుడే.

లెక్క చూడండి. ఒక కుటుంబానికి బల్ల దగ్గర 40 సెకన్లు పడుతుందనుకుందాం. 300 కుటుంబాలకు 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. చివరి మనిషి అంతసేపు ఎండలోనో చలిలోనో నిలబడాలి. రెండు బల్లలు వేస్తే సగమవుతుంది. దానికితోడు గంటకు ఇంతమంది అని సమయాలు పంచితే ఎవరూ అరగంటకు మించి నిలబడరు.

లోపలికి ఒక దారి, బయటికి ఇంకో దారి ఉండాలి. తీసుకున్నవాళ్లు వరుసకు ఎదురుగా నడవకూడదు. తాడు కట్టండి, నీడ వేయండి, తాగునీళ్లు పెట్టండి. గర్భిణులకు, వృద్ధులకు, చంటిబిడ్డల తల్లులకు వేరే వరుస ఉండాలి. నడవలేనివాళ్ల వాటా గుడారానికే తీసుకెళ్లండి.

మనుషుల్ని పంచుకోవడం ఇలా: టోకెన్లు చూసేవాళ్లు ఇద్దరు, అందించేవాళ్లు నలుగురు, వెనక నుంచి పెట్టెలు తెచ్చేవాళ్లు ఇద్దరు, వరుస వెంబడి నడుస్తూ మాట్లాడేవాళ్లు ముగ్గురు. వీళ్లు కాక, ‘లేదు’ అని చెప్పడమే పనిగా ఒకరు. పక్కన చిన్న బల్ల వేసుకుని, టోకెన్ అందనివాళ్ల గోడు వినే మనిషి. ఆ బల్ల లేకపోతే గొడవంతా అందించేవాళ్ల మీద పడుతుంది, వాళ్లు మొహమాటానికి పోయి ఒకరికి ఇస్తారు, అది చూసి వందమంది వరుస వదిలేసి ముందుకొస్తారు.

మాకు ఒకసారి అదే జరిగింది. 300 టోకెన్లకు మా దగ్గర సరిగ్గా 300 సంచులు. చంటిబిడ్డతో ఒకామె వచ్చి, నిన్న తను ఆసుపత్రిలో ఉన్నానని, టోకెన్ అందలేదని చెప్పింది. మాలో ఒకతను జాలిపడి ఇచ్చేశాడు. పావుగంటలో ఆసుపత్రికి వెళ్లొచ్చినవాళ్లు నలభైమంది తేలారు. చివర్లో టోకెన్ ఉన్న ముప్ఫైమందికి సంచి లేదు. వాళ్ల మొహాలు చూస్తూ నిలబడడం చాలా కష్టమైంది. ఆ తర్వాత ప్రతిసారీ నూటికి పది సంచులు ఎక్కువ తీసుకెళ్లడం, వాటిని కంటికి కనిపించకుండా ఉంచడం, సాయంత్రం పేర్లు రాసుకుని గుడారం దగ్గర సరిచూసి ఇవ్వడం మొదలుపెట్టాం.

బండి మీద నుంచి విసరొద్దు. ఎంత టెన్షన్‌లో ఉన్నా సరే. విసిరితే బలమున్నవాడికే దొరుకుతుంది, పిల్లలు చక్రాల కింద పడతారు. తోపులాట మొదలవుతుందనిపిస్తే ఆపేయండి, పెట్టెలు మూసేయండి, దుబాసీల చేత మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారో గట్టిగా చెప్పించండి, అన్న సమయానికి మొదలుపెట్టండి.

మీరిచ్చిన దుప్పటి మర్నాడు శిబిరం బజారులో అమ్మకానికి కనిపిస్తుంది. మోసపోయామని చిన్నబుచ్చుకోకండి. వాళ్లకు దుప్పటి కంటే ఫోన్ రీఛార్జో, కూరగాయలో, మందులో ఎక్కువ అవసరమన్నమాట. ఆ అమ్మకాన్ని సర్వేలా చదువుకోండి.

వంట పెట్టుకున్నవాళ్లకు ఒక మాట. వండేవాళ్లను శిబిరం నుంచే తీసుకోండి. ఆ రుచి మీకు రాదు, ఏది తినకూడదో వాళ్లకే తెలుసు. వండిన తిండి 60 డిగ్రీల పైన వేడిగా ఉంచండి, మామూలు వేడిలో రెండు గంటలు దాటితే పంచొద్దు. పిల్లలూ పెద్దలూ కలిపి మనిషికి రోజుకు సగటున 2,100 కిలో కేలరీలు కావాలంటారు. మీ గిన్నె ఒక పూటదే, మిగతాది ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోండి.

7. పిల్లలు, ఫోటోలు, హద్దులు

సాయం చేసేవాడి చేతిలో అధికారం ఉంటుంది, వాడికి ఇష్టం ఉన్నా లేకపోయినా. అందుకే ఐక్యరాజ్యసమితి 2003లో తన సిబ్బందికి, వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లకు రాతపూర్వకంగా నిషేధాలు పెట్టింది. డబ్బుకో, సాయానికో బదులుగా లైంగిక సంబంధం పెట్టుకోకూడదు, 18 ఏళ్లలోపు వాళ్లతో ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. మీ గుంపు ఐదుగురిదే అయినా ప్రతి ఒక్కరి చేతా ఈ నియమాల మీద సంతకం చేయించండి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో శిబిరంలో వాడే భాషలన్నిటిలో రాసి అతికించండి. ఆ ఫిర్యాదు మీ నాయకుడి మీదే అయితే ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా రాయండి.

పిల్లాడితో ఏ వాలంటీరూ ఒంటరిగా ఉండకూడదు. ఒకడికే చాక్లెట్ ఇవ్వడం, ఒకణ్నే ఎత్తుకు తిరగడం వద్దు. వారంలో మీరు వెళ్లిపోతారు, ఆ పిల్లాడు గేటు దగ్గర నిలబడి చూస్తాడు.

మొహాలు కనిపించేలా ఫోటోలు తీయొద్దు. వాళ్లను తరిమినవాళ్లు, ఊళ్లో మిగిలిపోయిన బంధువుల్ని వేధించేవాళ్లు ఆ ఫోటో చూడొచ్చు. దాతలకు చూపించాలంటే పెట్టెలు, చేతులు, ఖాళీ అయిన గోదాము చూపించండి.

వాళ్లంతట వాళ్లు చెబితే తప్ప గతం అడగొద్దు. ఆశ్రయం దరఖాస్తు మీద సలహా అస్సలు ఇవ్వొద్దు. ఇంటర్వ్యూలో ఒక్క తేదీ పొంతన లేకపోయినా కేసు దెబ్బతినవచ్చు. ఉచిత న్యాయ సహాయం ఎక్కడ, ఏ రోజుల్లో దొరుకుతుందో రాసిన కాగితం జేబులో పెట్టుకోండి.

8. మీ ఒళ్లు

వారానికి ఒక రోజు సెలవు. కచ్చితంగా. రెండు వారాలు విశ్రాంతి లేకుండా చేసినవాళ్లు శరణార్థుల మీదే చిరాకు పడటం చాలాసార్లు చూశాను, నేనూ పడ్డాను. ఇక్కడ పరిచయమైనవాళ్లు ఇంకా ఆ బురదలోనే ఉంటే మీరు వేడినీళ్ల స్నానం చేయడం నేరంలా అనిపిస్తుంది. అయినా చేయండి.

9. అప్పగింత

వెళ్లే తేదీ నెల ముందే చెప్పండి. వీలైతే పనిని శిబిరంలో ఉండేవాళ్లకే అప్పగించండి. మొదటి వారం నుంచే వాళ్లు టోకెన్ల బల్ల దగ్గర కూర్చుని ఉంటే ఇది తేలిక. చివరి వారంలో మొదలుపెడితే జరిగే పని కాదు.

ఒక నోటుపుస్తకం పెట్టండి. సరుకు ఎవరి దగ్గర కొంటున్నారు, బాకీ ఏమైనా ఉందా, గోదాము తాళంచెవులు ఎన్ని, ఏది ఎవరి దగ్గర ఉంది, ఏ వరుసలో ఏ గుడారానికి సామాను మోసుకెళ్లివ్వాలి, ఏ బిడ్డకు ఏ సైజు డైపరు, ఎవరికి ఏం తెస్తామని మాటిచ్చారు. పేర్లకు బదులు గుడారం నంబర్లు రాయండి, పుస్తకం పోయినా ఎవరికీ చేటు రాకూడదు. కొత్తగా వచ్చినవాళ్లతో కనీసం రెండు పంపిణీలు కలిసి చేయండి. మొదటిదాంట్లో వాళ్లు మీ వెనక నిలబడతారు, రెండోదాంట్లో మీరు వాళ్ల వెనక. మాటిచ్చినవాటిలో తీరనివి మిగిలితే ఆ గుడారాలకు మీరే వెళ్లి, తేలేకపోయామని చెప్పిరండి.